ఒక ఇంటి వెనక తొమ్మిది వందల ఇళ్లు



2016 ఏప్రిల్ నుంచి 2017 ఏప్రిల్ దాకా ఏడాది పాటు అమెరికాలో ఒక పెద్ద సర్వే జరిగింది. ఎంపికైన ఒక్కో ఇంటికి ఒక్కో తేదీ కేటాయించారు. ఆ రోజు తెల్లవారుజామున నాలుగు గంటల నుంచి మర్నాడు నాలుగు గంటల దాకా ఆ ఇంట్లో అయిదేళ్లు, ఆ పైబడిన ప్రతి మనిషీ ఎక్కడికి వెళ్లాడు, ఎందుకు వెళ్లాడు, నడిచాడా, కారెక్కాడా, బస్సెక్కాడా, ఎంత దూరం, ఎంతసేపు అన్నది రాసి చెప్పాలి. పాలప్యాకెట్ కోసం వీధి చివరి దాకా నడిచి వెళ్లినా లెక్కే. అలా 1,29,696 ఇళ్లు జవాబిచ్చాయి. మనుషులు 2,64,234 మంది. వాళ్లు చెప్పిన ట్రిప్పులు 9,23,572.

దీని పేరు జాతీయ గృహ ప్రయాణ సర్వే. అమెరికా ఫెడరల్ రహదారుల శాఖ 1969 నుంచి కొన్నేళ్లకోసారి దీన్ని చేయిస్తోంది. పేర్లు, చిరునామాలు తీసేసి, 2017లో ముగిసిన ఈ విడత సర్వే సమాచారాన్ని నాలుగు ఫైళ్లుగా ప్రజలకు ఉచితంగా ఇచ్చేసింది. ఇళ్లది ఒకటి, మనుషులది ఒకటి, వాహనాలది ఒకటి, ట్రిప్పులది ఒకటి. ఇంజనీరింగ్ చదివే పిల్లలైనా, పట్టణ ప్రణాళిక విభాగంలో పనిచేసే ఉద్యోగులైనా, పత్రికా విలేకరులైనా వాటిని దించుకుని చూసుకోవచ్చు. చాలామంది చేతిలో ఉండే పనిముట్టు ఎక్సెల్. అందులో పివట్ టేబుల్. ఈ ప్రసంగం ఆ పనిముట్టుతో ఆ ఫైళ్లను ఎలా చదవాలన్నదాని గురించి. ముఖ్యంగా, అందులో ఒక కాలమ్‌ను పట్టించుకోకపోతే ఎవరికి అన్యాయం జరుగుతుందన్నదాని గురించి.

ముందు ఒక చిన్న విషయం. ఎక్సెల్‌లో ఒక షీటులో 10,48,576 వరుసలకు మించి పట్టవు. 2017 ట్రిప్పుల ఫైలు 9,23,572 వరుసలు కాబట్టి ఇరుకుగానైనా ఇమిడిపోతుంది. 2009 నాటి సర్వేలో ట్రిప్పులు 11,67,321. అది ఇమడదు. ఫైలు తెరుచుకుంటుంది, మొత్తం లోడు కాలేదని ఒక హెచ్చరిక వస్తుంది. చదవకుండా దాన్ని మూసేస్తే చివరి లక్షా పద్దెనిమిది వేల పైచిలుకు ట్రిప్పులు మన లెక్కలో లేనట్టే. అందుకే ఏ ఫైలు తెరిచినా ముందు కింది దాకా వెళ్లి ఎన్ని వరుసలు వచ్చాయో చూసి, సర్వే వాళ్లు చెప్పిన సంఖ్యతో సరిపోల్చుకోవాలి. గూగుల్ షీట్స్‌లో అయితే కోటి గడుల పరిమితి ఉంది. ట్రిప్పుల ఫైలులో వంద పైచిలుకు కాలమ్‌లు ఉన్నాయి కాబట్టి అక్కడ అసలు ప్రయత్నించే పనే లేదు. అవసరమైన ఎనిమిదో పదో కాలమ్‌లు మాత్రం ఉంచుకుంటే పని నడుస్తుంది.

పివట్ టేబుల్ ఆలోచనకు ఆద్యుడిగా పీటో సలాస్ అనే ఇంజనీరు పేరు చెబుతారు. ఆయన పనిచేసిన లోటస్ కంపెనీ 1991లో ఇంప్రూవ్ అనే సాఫ్ట్‌వేర్ తెచ్చింది. 1993 నాటి ఎక్సెల్ 5తో అదే పద్ధతి పివట్ టేబుల్ పేరుతో ఆఫీసుల్లోకి వచ్చింది. లక్షల వరుసలను మౌసుతో లాగి, ఇక్కడ వయసులు, అక్కడ వాహనాలు పెట్టి, క్షణంలో పట్టిక చేసి చూపిస్తుంది. ఒక్క ఫార్ములా రాయనక్కర్లేదు. ఇంత సులువుగా వచ్చేసరికి, వచ్చిన అంకె సరైనదేనన్న నమ్మకం కూడా అంతే సులువుగా కలుగుతుంది. చిక్కంతా అక్కడే.

ఉదాహరణకు, ఒక మనిషి రోజుకు సగటున ఎన్ని ట్రిప్పులు వెళ్తాడు అన్న ప్రశ్న తీసుకుందాం. తొందరపడే వాళ్లు ట్రిప్పుల వరుసలను మనుషుల వరుసలతో భాగిస్తారు. 9,23,572ను 2,64,234తో భాగిస్తే 3.50 వస్తుంది. సర్వే అధికారికంగా ప్రకటించిన జవాబు మాత్రం 3.37. తేడా చిన్నదే కదా అనిపిస్తుంది. కానీ అమెరికాలో అయిదేళ్లు పైబడిన జనాభా ఆ సర్వే లెక్కలో 30 కోట్ల పైచిలుకు. ఆ చిన్న తేడాను అంతమందికీ గుణిస్తే రోజుకు మూడున్నర కోట్లకు పైగా లేని ట్రిప్పులు పుట్టుకొస్తాయి. రోడ్లు, వంతెనలు, బస్సులు వేసేది ఇలాంటి అంకెలు చూసే.

ఈ తేడా ఎందుకొచ్చింది? ఆ లక్షా ముప్పై వేల ఇళ్లు దేశమంతటా సమానంగా ఎంపికైనవి కావు. కేంద్రం డబ్బుతో దేశమంతటికీ తీసుకున్న శాంపిల్ సుమారు 26 వేల ఇళ్లే. మిగతా లక్షా మూడు వేల ఇళ్లను 13 రాష్ట్ర, ప్రాంతీయ సంస్థలు తమ డబ్బు పెట్టి అదనంగా చేర్పించుకున్నాయి. కాలిఫోర్నియా, టెక్సస్, న్యూయార్క్, జార్జియా, విస్కాన్సిన్ వంటి రాష్ట్రాలు అందులో ఉన్నాయి. మన తెలుగు కుటుంబాలు పెద్ద సంఖ్యలో స్థిరపడిన డాలస్, ఫోర్ట్ వర్త్ ప్రాంతపు ప్రణాళికా సంస్థ కూడా విడిగా కొనుక్కుంది. డబ్బు పెట్టిన చోట ఎక్కువ ఇళ్లు, పెట్టని చోట తక్కువ ఇళ్లు. వరుసలు లెక్కపెట్టామంటే దేశాన్ని కాదు, ఆ కొనుగోళ్లనే లెక్కపెట్టినట్టు.

రెండో కారణం ఇంకా ముఖ్యమైనది. ఇంటికొచ్చిన సర్వేకు అందరూ ఒకేలా జవాబివ్వరు. సొంత ఇల్లు, తీరిక, చదువు ఉన్న పెద్దవాళ్లు ఓపిగ్గా నింపుతారు. అద్దె ఇళ్లలో ఉండే కుర్రవాళ్లు, రెండు షిఫ్టులు చేసుకునే కూలీలు, ఇంగ్లిషు అంతగా రాని వలస కుటుంబాలు అంతగా నింపరు. బస్సు మీద ఆధారపడే వాళ్లు ఎక్కువగా ఉండేది ఈ రెండో బృందంలోనే. వాళ్లు సర్వేలో తగ్గితే లెక్కలో బస్సు తగ్గుతుంది. లెక్కలో తగ్గిన బస్సుకు బడ్జెట్‌లోనూ కోత పడుతుంది.

ఈ రెండు లోట్లనూ సరిదిద్దడానికే ఫైలులో వెయిట్ అనే కాలమ్ ఉంటుంది. గణాంకశాస్త్రం పాఠ్యపుస్తకాల్లో దీన్నే భారం అంటారు. దీని వెనకున్న లెక్క కష్టమైనదేం కాదు. వెయ్యి ఇళ్లలో ఒక ఇంటిని ఎంపిక చేస్తే, ఆ ఇల్లు తనతో కలిపి వెయ్యి ఇళ్ల తరఫున మాట్లాడుతున్నట్టు. దాని వెయిట్ వెయ్యి. అదనంగా శాంపిల్ కొన్న రాష్ట్రంలో రెండొందల ఇళ్లకు ఒకటి ఎంపికైతే అక్కడ వెయిట్ రెండొందలే. ఆ తరవాత జవాబివ్వని వాళ్ల లోటు పూడ్చడానికి, అదే తరహా కుటుంబాల్లో జవాబిచ్చిన వాళ్ల వెయిట్ కొంత పెంచుతారు. చివరికి వయసు, జాతి, ఇంట్లో మనుషుల సంఖ్య, వాహనాల సంఖ్య లాంటివి అమెరికా సెన్సస్ బ్యూరో వారి వార్షిక సర్వే అంకెలకు సరిపోయేలా సర్దుతారు. 2017 సర్వేలో ఇళ్ల వెయిట్లన్నీ కూడితే 11 కోట్ల 82 లక్షలు వస్తుంది. దాన్ని 1,29,696తో భాగిస్తే సగటున ఒక్కో ఇల్లు 911 ఇళ్ల తరఫున నిలబడినట్టు.

ఇప్పుడు పివట్ టేబుల్‌లోకి వెళ్దాం. ట్రిప్పుల ఫైలు తెరిచి, అడ్డువరుసల్లో ప్రయాణ సాధనం పెట్టి, విలువల పెట్టెలోకి ట్రిప్పు వెయిట్ కాలమ్‌ను లాగాలి. అక్కడ ఒక్క క్షణం ఆగి శీర్షిక చూడాలి. సమ్ అని ఉందా, కౌంట్ అని ఉందా? ఆ కాలమ్‌లో ఎక్కడో ఒక్క గడిలో అంకెకు బదులు అక్షరాలున్నా, పాత వెర్షన్లలో అయితే ఒక్క గడి ఖాళీగా ఉన్నా, ఎక్సెల్ తనంతట తాను కూడిక మానేసి లెక్కింపు మొదలుపెడుతుంది. పట్టిక మాత్రం చూడ్డానికి చక్కగానే ఉంటుంది. శాతాలు కూడా నమ్మదగ్గట్టే వస్తాయి. కానీ అవి వెయిట్లతో వచ్చిన శాతాలు కావు, వరుసల శాతాలు. కౌంట్‌ను సమ్‌గా మార్చి, మొత్తంలో శాతంగా చూపించమంటే అసలు జవాబు వస్తుంది. 2017లో అమెరికన్ల ట్రిప్పుల్లో సొంత వాహనాల మీద వెళ్లినవి 82.6 శాతం, నడిచినవి 10.5 శాతం, ప్రజా రవాణాలో వెళ్లినవి 2.5 శాతం.

అడుగున వచ్చే మొత్తం చూసి కొత్తవాళ్లు కంగారుపడతారు. అది 37,115 కోట్లు. ఒక్క రోజులో అన్ని ట్రిప్పులా? కాదు. ఈ సర్వేలో ట్రిప్పు వెయిట్‌ను ముందే 365తో గుణించి పెట్టారు. అది ఏడాది మొత్తం. 365తో భాగిస్తే రోజుకు సుమారు 101.7 కోట్ల ట్రిప్పులు. దాన్ని మనుషుల ఫైలులోని వెయిట్ల మొత్తం, అంటే 30 కోట్ల 16 లక్షలతో భాగిస్తే 3.37 వస్తుంది. అధికారిక అంకెను ఇంట్లో కూర్చుని రాబట్టగలిగామంటే మన పట్టిక సరైన దారిలో ఉందని అర్థం. ప్రచురితమైన ఒక అంకెను ముందు రాబట్టి చూసుకోకుండా కొత్త ప్రశ్నల జోలికి వెళ్లకూడదు. ఈ పనిలో అన్నిటికన్నా మంచి అలవాటు ఇది.

భాగించేటప్పుడు మనుషుల ఫైలుకే ఎందుకు వెళ్లాలి? ట్రిప్పుల ఫైలులోనూ మనుషుల గుర్తింపు సంఖ్యలున్నాయి కదా? ఉన్నాయి, కానీ ఆ రోజు గడప దాటిన వాళ్లవే ఉన్నాయి. మోకాళ్ల నొప్పులతో ఇంట్లోనే ఉండిపోయిన ముసలావిడకు ట్రిప్పుల ఫైలులో వరుసే ఉండదు. ఉద్యోగం పోయి ఇంట్లో కూర్చున్నవాడికీ, ఊళ్లో బస్సు లేక ఆస్పత్రికి పోలేకపోయినవాడికీ ఉండదు. వాళ్లను వదిలేసి సగటు తీస్తే జనం నిజంగా తిరిగేదానికన్నా ఎక్కువ తిరుగుతున్నట్టు కనిపిస్తుంది. కదలలేని వాళ్ల గురించి ఆలోచించాల్సిన పట్టికలోనే వాళ్లు లేకుండా పోతారు. వీళ్లు కనిపించేది మనుషుల ఫైలులోనే.

సగటు దూరం దగ్గర ఇంకో గుంట ఉంది. పివట్ టేబుల్‌లో యావరేజ్ అన్న ఎంపిక చేతికి అందుబాటులో ఉంటుంది. అది ప్రతి వరుసనూ సమానంగా చూస్తుంది, వెయిట్ సంగతి దానికి తెలియదు. లెక్క కోసం మూడు ట్రిప్పులు ఊహించుకుందాం. మొదటిది 2 మైళ్లు, వెయిట్ 3,000. రెండోది 10 మైళ్లు, వెయిట్ 500. మూడోది 30 మైళ్లు, వెయిట్ 100. యావరేజ్ నొక్కితే 14 మైళ్లు వస్తుంది. వెయిట్లతో చేస్తే ఆరు వేలు, అయిదు వేలు, మూడు వేలు కలిపి పద్నాలుగు వేలు, దాన్ని మొత్తం వెయిట్ 3,600తో భాగిస్తే 3.9 మైళ్లు. పద్నాలుగు మైళ్ల ఊరికి కావలసింది రహదారి. నాలుగు మైళ్ల ఊరికి కావలసింది ఫుట్‌పాత్, సైకిల్ దారి, చిన్న బస్సు.

దీనికి మార్గం సులువే. పక్కన ఒక కొత్త కాలమ్ పెట్టి దూరాన్ని వెయిట్‌తో గుణించాలి. ఆ తరవాత పివట్ టేబుల్‌లో క్యాలిక్యులేటెడ్ ఫీల్డ్ అనే సదుపాయంతో ఆ కొత్త కాలమ్‌ను వెయిట్‌తో భాగించమని చెప్పాలి. ఎక్సెల్ ఈ ఫీల్డులో ఒక్కో వరుసను విడిగా భాగించదు, ముందు రెండింటినీ కూడి, ఆ తరవాత మొత్తాలను భాగిస్తుంది. వేరే పనుల్లో ఈ పద్ధతి చిరాకు పెడుతుంది కానీ భారిత సగటుకు కావలసింది సరిగ్గా ఇదే. వయసులవారీగా చీల్చినా, ఆదాయాలవారీగా చీల్చినా ప్రతి గడిలోనూ, ప్రతి ఉపమొత్తంలోనూ సరైన సగటే వస్తుంది.

అంతకన్నా ముందు ఒక శుభ్రత పని ఉంది. ఈ ఫైళ్లలో తెలియదు అన్న జవాబుకు మైనస్ 8, చెప్పనన్నదానికి మైనస్ 7, సమాచారం అందనిదానికి మైనస్ 9, ఆ ప్రశ్న వర్తించనిదానికి మైనస్ 1 అని రాసి ఉంటుంది. వడకట్టకుండా కూడితే ఎవరో మైనస్ తొమ్మిది మైళ్లు ప్రయాణించినట్టు, అదీ వేల వెయిట్‌తో, మొత్తంలో కలిసిపోతుంది.

కారులో నలుగురు కుటుంబ సభ్యులు కలిసి గుడికి వెళ్తే ట్రిప్పుల ఫైలులో నాలుగు వరుసలు. మనుషుల ప్రయాణాలు నాలుగు, కారు ప్రయాణం ఒక్కటే. ట్రాఫిక్ గురించీ పొగ గురించీ అడిగే ప్రశ్నకు డ్రైవరు వరుసను మాత్రమే తీసుకోవాలి. మనుషుల అవసరాల గురించి అడిగితే నాలుగూ తీసుకోవాలి. అలాగే ఇంటి ఆదాయం ఆ ఇంటి ప్రతి ట్రిప్పు వరుసలోనూ మళ్లీ మళ్లీ కనబడుతుంది. ట్రిప్పుల ఫైలు మీద ఇళ్లు లెక్కపెడితే, ఎక్కువ తిరిగే ఇల్లు పది ఇళ్లయిపోతుంది. ఇళ్ల ప్రశ్నకు ఇళ్ల ఫైలు, ఇళ్ల వెయిట్. మనుషుల ప్రశ్నకు మనుషుల వెయిట్. ప్రయాణాల ప్రశ్నకు ట్రిప్పు వెయిట్.

ఇక వెయిట్లను గుడ్డిగా నమ్మడం కూడా పనికిరాదు. దీనికి గణాంకశాస్త్రంలో ప్రసిద్ధమైన ఒక కథ ఉంది. చెప్పినవాడు దేవబ్రత బసు. కలకత్తా ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌లో, ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం చదివిన ప్రపంచ ప్రసిద్ధుడు సి.ఆర్. రావు గారి శిష్యుడాయన. 1971లో అచ్చయిన వ్యాసంలో బసు ఒక సర్కసును ఊహించాడు. అందులో 50 ఏనుగులు. వాటిని రవాణా చేయాలి, మొత్తం బరువు సుమారుగా తెలియాలి. సాంబో అనే ఏనుగుది సుమారుగా సగటు బరువే కాబట్టి దాన్నొక్కదాన్ని తూచి యాభైతో గుణిద్దామన్నాడు యజమాని. అది శాస్త్రీయం కాదని సర్కసు గణాంకవేత్త అడ్డుపడ్డాడు. చివరికి చీటీ వేద్దామని రాజీపడ్డారు. సాంబోకు వందలో 99 వంతుల అవకాశం, మిగతా ప్రతి ఏనుగుకూ 4,900లో ఒక వంతు. చీటీ సాంబోకే వచ్చింది. సూత్రం ప్రకారం దాని వెయిట్ తొంభై తొమ్మిదింట వంద, అంటే ఒకటికి కాస్త ఎక్కువ. కాబట్టి యాభై ఏనుగుల బరువూ కలిపి దాదాపు ఒక్క సాంబో బరువంత అని లెక్క తేలింది. ఒకవేళ జంబో అనే భారీ ఏనుగు వచ్చి ఉంటే? దాని బరువుకు 4,900 రెట్లు. గణాంకవేత్త ఉద్యోగం పోయింది.

ప్రయాణ సర్వేల్లో చీటీ ఇంత వికారంగా వేయరు, మరీ పెద్ద వెయిట్లను కత్తిరిస్తారు కూడా. అయినా పివట్ టేబుల్‌ను చీల్చుకుంటూ పోతే జంబోలు బయటపడతాయి. ఒక రాష్ట్రంలో, ఒక వయసు వాళ్లలో, సైకిల్ మీద ఆఫీసుకు వెళ్లేవాళ్లు ఎందరు అని అడిగితే గడిలో లక్షల్లో అంకె కనిపించవచ్చు. దాని వెనక ఉన్నది ఏడెనిమిది వరుసలే కావచ్చు. అందులో ఒకరికి పెద్ద వెయిట్ ఉంటే ఆ గడి మొత్తం ఆ ఒక్కరి కథే. అందుకే వెయిట్ల మొత్తం పక్కనే వరుసల లెక్కను కూడా ఎప్పుడూ పెట్టుకోవాలి. ముప్పై వరుసలైనా లేని గడిని చూసి నిర్ణయం తీసుకోకూడదు. ఎంత పొరపాటుకు ఆస్కారం ఉందో కొలవడానికి 2017 ఫైళ్లతో పాటు 98 అదనపు వెయిట్లు కూడా ఇచ్చారు. ఆ పని పివట్ టేబుల్ శక్తికి మించినది. దానికి ఆర్ లాంటి గణాంక సాఫ్ట్‌వేర్‌కు వెళ్లాల్సిందే.

2022 సర్వే ఈ జాగ్రత్తను మరీ అవసరం చేసింది. ఈసారి జవాబిచ్చిన ఇళ్లు 7,893, ట్రిప్పులు 31,074 మాత్రమే. మనిషికి రోజుకు 2.28 ట్రిప్పులని తేలింది. కోవిడ్ తరవాత ఇంటి నుంచి పని పెరిగిన మాట నిజమే. కానీ ప్రశ్నలు అడిగిన పద్ధతి, శాంపిల్ తీసిన తీరు కూడా మారాయి. 3.37 నుంచి 2.28కి పడిపోయిందని గీత గీసి, జనం తిరగడం మానేశారని రాసేస్తే అది తొందరపాటు.

మన దేశంలో 2011 జనగణన, వ్యవసాయేతర పనులకు వెళ్లేవాళ్లను ఎంత దూరం, దేనిమీద వెళ్తున్నారని అడిగింది. అది జనగణన కాబట్టి వెయిట్ల ప్రసక్తి లేదు. కానీ పనికి వెళ్లే దారి గురించే అడిగింది తప్ప బడి, బజారు, ఆస్పత్రి గురించి అడగలేదు. ఇంటిపని చేసే ఆడవాళ్ల తిరుగుడు అందులో లేదు. 2017 మెట్రో రైలు విధానం ప్రకారం కేంద్ర సాయం కోరే నగరం సమగ్ర రవాణా ప్రణాళిక చూపాలి. దానికోసం ఇంటింటి ప్రయాణ సర్వేలు చేస్తారు. జాతీయ గణాంక కార్యాలయం 2025 జులై నుంచి 2026 జూన్ దాకా సాగేలా దేశమంతటికీ గృహ ప్రయాణ సర్వేను తలపెట్టింది.

ఆ కార్యాలయం చేసే జాతీయ శాంపిల్ సర్వేల్లో వెయిట్‌ను మల్టిప్లయర్ అంటారు. చాలా రౌండ్లలో ఆ కాలమ్‌లోని అంకెను వందతో భాగించి వాడాలి, కొన్నిచోట్ల రెండొందలతో. ఆ సంగతి ఫైళ్లతో పాటు వచ్చే చిన్న రీడ్‌మీలో ఉంటుంది. ముందు దాన్ని చదివి, ఆ తరవాత ఎక్సెల్ తెరవాలి.

మన నగరాల్లో ఇంటింటి సర్వేలు చేయించే పురపాలక, రవాణా అధికారులకు ఒక విన్నపం. చివరి నివేదికలోని రంగుల పటాలతో సరిపెట్టకండి. పేర్లు, చిరునామాలు తీసేసిన అసలు వరుసలను, వాటి వెయిట్లతో సహా, ప్రజలకు ఇవ్వండి. విజయవాడలోనో వరంగల్‌లోనో చదివే విద్యార్థి మీ అంకెలను మళ్లీ రాబట్టి చూడగలగాలి. ఇక శ్రోతలకు: ప్రయాణాల గురించి అడగడానికి సర్వేవాళ్లు మీ తలుపు తడితే, గుర్తింపు కార్డు చూసి, కూర్చోబెట్టి జవాబు చెప్పండి. ఆ రోజు ఇంట్లో ఎవరైనా బయటికే వెళ్లకపోతే ఆ మాట కూడా తప్పక చెప్పండి.